ఉరుసుడు కాదు, చెమట

మా ఇంటి అటకకు ఉన్న రెండు గాలికంతలనూ మూసింది నేనే. ఈ మాట ఐదేళ్లు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. బాపుకు చెప్పలేదు. ఎనిమిదో తరగతి నుంచి రోజూ రాసుకుంటున్న నా డైరీకి కూడా చెప్పలేదు. ఆ రోజు పేజీ ఇప్పటికీ ఖాళీగానే ఉంది. పైన తేదీ మాత్రం రాసి, కింద ఏమీ రాయకుండా మూసేశాను.

మీకు నవ్వు రావచ్చు. గోడలో కంతలు మూయడం కూడా ఒక తప్పేనా అని. నేనూ చాలాసార్లు నాకు అలాగే చెప్పుకున్నాను. చెప్పుకున్న ప్రతిసారీ ఛాతీ మీద ఒక తడి బరువు, తడిసిన జంపఖానా లాంటిది, ఇంకాస్త కిందికి దిగేది. ఎందుకంటే ఆ రెండు కంతల వల్ల ఒక మనిషికి పేరు పోయింది. పేరు పోయిందంటే మాటవరసకు అనడం లేదు. మా కొత్తవాడలో ఆయన్ని సాంబయ్య అని పిలిచేవాళ్లు ఇప్పుడు చాలా తక్కువ. అందరూ "చెమట మేస్త్రి" అంటారు. అని నవ్వుతారు.

మొదటి నుంచి చెప్తాను. మధ్యలో ఎక్కడైనా ఆగితే ఏమనుకోకండి. నాకు మాట్లాడటం కంటే రాయడం కొంచెం నయం, అంతే.

బాపు జంపఖానాలు నేస్తాడు. ముందుగదిలో మగ్గం. వంటింటి వెనక వసారాలో నూలుకు రంగు వేసే పెద్ద కాగు. రంగు వేసే రోజు ఇల్లంతా ఆవిరితో నిండిపోతుంది. అమ్మ వంట ఆవిరి దానికి తోడు. అటక ఎక్కే సందు సరిగ్గా వంటింటి తలుపు పైనే ఉంటుంది కాబట్టి ఆ ఆవిరంతా అటకలోకే పోతుంది. పాత గూనపెంకులు ఉన్నప్పుడు దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. పెంకుల సందుల్లోంచి అది తనంతట తాను వెళ్లిపోయేది. కానీ మా వీధిలో కోతులు ఎక్కువ. ఒక్కొక్క పెంకే ఎత్తి చూడటం, కింద పడేయడం వాటికి ఆట. ఒక ఎండాకాలం బాపు విసిగిపోయి పెంకులు దింపించి రేకులు వేయించాడు. వేసింది సాంబయ్య మామ.

ఆయన మాకు చుట్టం కాదు. వరస కలుపుకున్నారు. ఆయన బాపును బావా అంటాడు, నేను ఆయన్ని మామా అంటాను. సన్నటి మనిషి. నిచ్చెన మీద ఉన్నప్పుడు మాట్లాడడు, దిగాక మాత్రం ఆగడు. రేకులు వేయడం అయిపోయాక ఆయనకో పద్ధతి ఉంది. బిందెలతో నీళ్లు పైకెత్తించి రేకుల మీద పోస్తాడు. కింద ఎవరో ఒకరు నిలబడి చూడాలి. మా ఇంట్లో ఆ పని నాకు చెప్పాడు. అటక నడుమ పలకలు బాపు బరువుకు ఆగవు, నేనైతే తేలిక. టార్చి పట్టుకుని అటక మీద కూర్చున్నాను. "చుక్క పడితే కేకెయ్యి బిడ్డా," అని పైనుంచి అరిచాడు. ఏడు బిందెలు పోశారు. ఒక్క చుక్క పడలేదు.

ఈ సంగతి గుర్తుంచుకోండి. ఆ కప్పు ఉరవదని ప్రపంచంలో అందరికంటే ముందు తెలిసింది నాకే.

దిగే ముందు ఆయన రెండు గోడల్లో, రేకుల కిందుగా, నాలుగేసి ఇటుకలు తీసినంత కంతలు వదిలాడు. తూర్పున ఒకటి, పడమర ఒకటి. ఇవెందుకు మామా అని అడిగాను. ఎవరినైనా ఏదైనా అడగడం నాకు అరుదు కాబట్టి ఆయన సంతోషపడ్డాడనుకుంటాను. నా ముక్కు చూపించి చెప్పాడు. "ఇవి ఇంటికి ముక్కులు. కిందికెళ్లి ఆవిరొస్తది, పోయెతందుకు తొవ్వ ఉండాలె. ముక్కు మూస్తె మనిషికెట్ల చెమట పడుతదో రేకుకు గట్లనే పడుతది. ఎవ్వలు మూయమన్నా మూయకుండ్రి."

ఎవరూ మూయమనలేదు.

ఆ వానాకాలం అటక నాదైపోయింది. ఒక పక్క బాపు నేసి మడిచిన జంపఖానాల కట్టలు, ఇంకో పక్క నా రేకుపెట్టె, అందులో పుస్తకాలు, డైరీలు. కాలేజీ నుంచి రాగానే ఎక్కేదాన్ని. రేకుల మీద వాన చప్పుడుకు కింద మగ్గం చప్పుడు కూడా వినిపించేది కాదు. ఎంత గట్టి వాన పడినా లోపల పొడిగానే ఉండేది. పడమటి కంతలోంచి వెలుతురు సరిగ్గా పుస్తకం మీద పడేది. ఆ చోటు కంటే ఎక్కువగా నేను ఏదీ ప్రేమించలేదు.

వానలు వెనకబట్టాక పడమర పక్కన కొత్తగా లేచిన ఇంట్లో మేడ మీదికి ఒకామె అద్దెకు వచ్చింది. మంచి మనిషే. ఒకరోజు కిందికొచ్చి అమ్మతో, నేను పక్కనే ఉండగా, నవ్వుతూ అంది. "అక్కా, మీ పిల్ల అటక మీద ఒక్కతే కూసోని రాసుకుంటది, ఒక్కతే నవ్వుకుంటది. జర చూసుకో, ఏదన్న గాలి సోకిందేమో." అమ్మ కూడా నవ్వింది. "దానికి పుస్తకాల గాలే సోకింది, ఏ మంత్రమేసినా పోదు," అంది. ఇద్దరూ ఇంకాసేపు నవ్వుకున్నారు.

అంతే జరిగింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ నా చెవులు ఆ రోజంతా కాలుతూనే ఉన్నాయి. నేను రాసుకుంటూ నవ్వుతానని నాకే తెలియదు. ఎన్ని రోజులుగా చూస్తోంది? ఏడ్చినప్పుడు కూడా చూసిందా? మరునాడే ఖాళీ సిమెంటు సంచిలో మగ్గం కింద పోగుపడిన నూలు చెత్త కుక్కి పడమటి కంతలో బిగించాను. దాని ముందు నా పెట్టె జరిపాను. ఒక బల్బు వేలాడదీసుకున్నాను.

ఒక్కటి మూసి ఆగి ఉంటే ఇంత జరిగేది కాదేమో. ఇంకో ముక్కుతో ఇల్లు ఎలాగోలా ఊపిరి తీసుకునేదేమో. రెండోది ఎందుకు మూశానని అడుగుతారేమో. చలిగాలికి కాగితాలు ఎగురుతున్నాయి, అంతే. సాంబయ్య మామ మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. ముక్కు చూపించి చెప్పిన మనిషి ఎలా గుర్తు రాడు? మళ్లీ ఎండాకాలం తీసేద్దాంలే అనుకున్నాను.

చలి ముదిరింది. బాపుకు ఒక పెద్ద ఆర్డరు వచ్చింది. తెలుపు మీద ఎరుపు, గుమ్మటాల అంచు. రెండు నెలలు బాపూ అమ్మా పొద్దున్నే లేచి నేశారు. అయినవి అయినట్టు మడిచి నాకందిస్తే నేను అటక మీద పేర్చాను. గోడకు ఆనించి, రేకుల కిందికి వచ్చేదాకా. మరోవైపు రోజూ వసారాలో రంగు కాగు మరుగుతూనే ఉంది.

ఒక పొద్దున అటక ఎక్కి తల పైకెత్తితే రేకు లోపలి వైపంతా ముత్యాలు పోసినట్టు నీటిబొట్లు. బయట వాన లేదు. పది రోజులుగా మబ్బు కూడా లేదు. వేలితో తాకితే చల్లగా, నా వేలి దారి మీదుగా బొట్టూ బొట్టూ కలిసి జారి కట్టల మీద పడ్డాయి. పై కట్ట విప్పి చూశాను. ఎరుపు తెలుపులోకి దిగింది. కింది మడతల్లో నల్లటి బూజు చుక్కలు, ముక్కిపోయిన వాసన. అది ఆ రోజు మొదలైంది కాదు. చాలా రోజులుగా జరుగుతోంది. నేను బల్బు వెలుగులో పుస్తకంలో తల దూర్చి కూర్చున్నాను, పైకి చూడలేదు.

అప్పుడే తెలిసింది నాకు. ఎవరూ చెప్పకముందే. రెండు సంచుల వైపూ చూశాను. అప్పుడే కిందికి దిగి చెప్పొచ్చు కదా? నేను దిగాను. కానీ అన్నది ఇది. "బాపూ, కట్టలు తడిసినయ్."

బాపు నిచ్చెన మీద సగం దాకా ఎక్కి నిలబడ్డాడు. నేను పైనుంచి ఒక్కొక్క కట్టే అందిస్తుంటే విప్పి చూసి కింద పడేశాడు. అమ్మ ఒక్కొక్కటీ ఎత్తి మొహం దగ్గర పెట్టుకుని వాసన చూసింది, చూసిన ప్రతిసారీ కళ్లు మూసుకుంది. రెండు నెలల పని వాకిట్లో కుప్పగా పడింది. బాపు సాంబయ్య మామకు ఫోన్ చేశాడు. ఆయన అరగంటలో వచ్చాడు, చేతులకు ఇంకా సిమెంటుంది. అప్పటికే వీధిలో నలుగురు గుమిగూడారు.

అప్పుడు జరిగిన మాటలు నాకు ఒక్కటి కూడా మరుపు రాలేదు.

"ఏం రేకులేసినవ్ సాంబయ్యా? ఇల్లంత ఉరుస్తాంది," అన్నాడు బాపు.

సాంబయ్య మామ ఒక జంపఖానా తీసి వేళ్లతో నలిపాడు. ఆకాశం వైపు చూశాడు. "బావా, ఇది ఉరుసుడు గాదు. చెమట."

"ఏందీ?"

"వానకాలమంత ఒక్క చుక్క పడలే గదా. ఇప్పుడు వాన లేకపాయె, ఏం లేకపాయె, ఏడికెళ్లి ఉరుస్తది? రేకుకు చెమట పట్టింది."

బాపు జనం వైపు తిరిగాడు. బాపు కోపంలో ఉన్నప్పుడు గట్టిగా అరవడు, వెటకారం చేస్తాడు. "విన్నరా? రేకులకు చెమట పట్టిందట. చెమటేనా, జరం గూడ వచ్చిందా? దవాఖానకు తీస్కపోదామా? సూదేపిద్దామా?"

నలుగురూ పగలబడి నవ్వారు. సాంబయ్య మామ నవ్వలేదు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నాకు ఆ చెవులు తెలుసు, అవి నావి. "నవ్వుండ్రి గని, కంతలు తెరిచున్నయా ముందుగాల గది చెప్పుండ్రి," అన్నాడు. "నేనెక్కి చూస్త."

"నువ్వెక్కింది చాలు," అన్నాడు బాపు. నా వైపు తిరిగాడు. "బిడ్డా, రోజు పైకి పోయేది నువ్వే గదా. కంతలు తెరిచున్నయా?"

అందరూ నన్ను చూశారు. సాంబయ్య మామ కూడా. ఆయన కళ్లలో ఒక నమ్మకం ఉంది. టార్చి పట్టుకుని ఏడు బిందెలు చూసిన పిల్ల కదా, ఇది అబద్ధం చెప్పదు అన్నట్టు.

"ఆఁ," అన్నాను.

నా తప్పంతా ఆ ఒక్క అక్షరమే. కంతలు మూయడం పిల్లతనం అనుకుందాం. ఇది పిల్లతనం కాదు. లేవని చెబితే ఎందుకు మూశావంటారు. ఎందుకో చెప్పాలంటే నేను ఒక్కదాన్నే నవ్వుకుంటానన్న మాట ఇంతమంది ముందు మళ్లీ లేస్తుంది. నా సిగ్గు ఆయన పరువు కంటే పెద్దదైపోయింది, ఆ ఒక్క క్షణం. ఆ క్షణం ఐదేళ్లు సాగింది.

సాంబయ్య మామ చేతిలోని జంపఖానాను మడిచి కుప్ప మీద పెట్టాడు. నిచ్చెన వైపు ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

ఇక్కడ ఆగినా బాగుండేది. ఆ మధ్యాహ్నం బాపు ఇంకొకాయన్ని పిలిపించాడు. ఆయన పైకెక్కి ప్రతి స్క్రూ నెత్తి మీదా తారు పూశాడు. ఆయన రేకుల మీద అటూ ఇటూ నడుస్తుంటే లోపల నేను రెండు సంచులూ పీకేశాను. తారు వాసన, చలిగాలి, వెలుతురు ఒకేసారి లోపలికి వచ్చాయి. పాపం కడిగేసుకున్నట్టు అనిపించింది. మరునాటికి బొట్లు తగ్గాయి. మూడో నాటికి రేకు పొడిగా ఉంది.

"చూసినవా? తారు పూయంగనే బందయింది," అన్నాడు బాపు, కనబడిన ప్రతివాడితో. "చెమటట, చెమట!"

నేను చేసిన తప్పుకంటే దాన్ని దొంగతనంగా సరిదిద్దడమే ఎక్కువ చెడుపు చేసింది. సంచులు అలాగే వదిలేసి ఉంటే తారు పూసినా చుక్క ఆగేది కాదు. ఆగకపోతే బాపుకు అనుమానం వచ్చేది. ఎవరో ఒకరు పైకెక్కి చూసేవాళ్లు. నేను కంతలు తెరిచి సాంబయ్య మామ మీద పడిన నింద బయటికి పోయే దారి మూశాను. చెమట అన్న మాట వీధంతా పాకింది. ఆయన సైకిల్ మీద పోతుంటే "మామా, మా గోడకు దగ్గొస్తాంది, జర చూడవా" అనేవాళ్లు. కొత్తవాడలో అందరూ ఆయన్ని పనికి పిలవడం మానేశారు. ఆయన కాజీపేట వైపు ఇల్లు మారాడని తర్వాత విన్నాను.

చెప్పే అవకాశం రాలేదా? వచ్చింది. మరుసటి చలికాలం బస్టాపు దగ్గర ఆయనే కనబడ్డాడు. నేను తల దించుకుంటే ఆయనే దగ్గరికి వచ్చాడు. "మంచిగున్నవా బిడ్డా? ఇప్పుడు ఉరుస్తలేదు గదా?" అని అడిగాడు.

"లేదు మామా," అన్నాను.

అది నిజమే. ఐదేళ్లలో ఆయనతో చెప్పిన ఒకే ఒక్క నిజం. అది అబద్ధం కంటే లోతుగా దిగిందని ఆయన తల ఊపిన తీరులో తెలిసింది. మెల్లగా, తనలో తను ఏదో ఒప్పుకున్నట్టు ఊపాడు. బస్సు వచ్చింది, ఎక్కేశాను.

ఇప్పుడు నేను హన్మకొండలో ఒక బడిలో పాఠాలు చెప్తున్నాను. పాఠమైతే చెప్పగలను. పుస్తకం చేతిలో ఉంటుంది కదా. ఈ ఏడు మా బడి పై అంతస్తులో లైబ్రరీ కట్టిద్దామనుకున్నారు. పైన రేకులు, వాటి కింద తెల్లటి పలకల సీలింగు. సరిగ్గా దాని కిందే హాస్టల్ వంటగది. లైబ్రరీ చూసుకోవడం నాకు అప్పగించారు. పది రోజుల కిందట, మధ్యాహ్నం ఖాళీ పీరియడ్‌లో, అరలు ఎక్కడ పెట్టాలో చూద్దామని పైకి వెళ్లాను.

ఇద్దరున్నారు. ఒకాయన కాంట్రాక్టరు, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇంకొకాయన కూర్చుని తాపీతో సిమెంటు కలుపుతున్నాడు. వీపు చూసే గుర్తుపట్టాను.

"ఏయ్ చెమట మేస్త్రీ," అన్నాడు కాంట్రాక్టరు, ప్రేమగానే, అలవాటుగానే. "ఆ రేకుల కింద సందులు మొత్తం మూసెయ్. పావురాలొస్తానయని హెడ్ మేడమ్ పొద్దటిసంది నా పానం దీస్తాంది."

నేను ఆగాను. ఆయన చెప్తాడని ఎదురుచూశాను. మూయొద్దు అంటాడని. ముక్కు చూపిస్తాడని. కింద వంటగది ఉంది, ఆవిరొస్తది, తొవ్వ ఉండాలె అంటాడని.

సాంబయ్య మామ ఏమీ అనలేదు. తాపీ నిండా సిమెంటు తీసుకుని లేచాడు.

ఆయనకు కొత్తవాడలో పని పోయిందని నాకు తెలుసు. పేరు పోయిందని తెలుసు. ఈ మాట కూడా పోయిందని అప్పటిదాకా తెలియదు. తనకు బాగా తెలిసిన ఒక విషయాన్ని ఆయన చెప్పడం మానేశాడు. ఈ ఐదేళ్లలో ఎన్ని ఇళ్లలో ఇలా మౌనంగా మూసి ఉంటాడు? అన్ని అటకల మీదా కారిన ప్రతి బొట్టూ నా "ఆఁ" లోంచి వచ్చిందే కదా?

"మూయకండి," అన్నాను.

నా గొంతు నాకే కొత్తగా ఉంది. ఇద్దరూ తిరిగారు.

"అవి మూస్తే రేకుకు చెమట పడుతుంది. పుస్తకాలన్నీ పోతాయి."

కాంట్రాక్టరు పెద్దగా నవ్వాడు. "ఓ టీచరమ్మా, నీకు గూడ సోకిందా ఈ చెమట? మామా, నీకో శిష్యురాలు దొరికింది పో."

సాంబయ్య మామ నన్ను గుర్తుపట్టాడు. గోడకు ఆనుకున్నాను. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని తెలిసిపోయింది. "మామా, ఆ రోజు మా కంతలు మూసే ఉన్నాయి. నేనే మూశాను. తెరిచి ఉన్నాయని అబద్ధం చెప్పాను."

తాపీ మీది సిమెంటు కింద పడింది. ఆయన దాన్ని చూడలేదు.

"రెండు దిక్కుల?"

"రెండు దిక్కులా."

"మల్ల ఎప్పుడు దీసినవ్?"

"తారు పూసిన రోజే."

ఆయన ఇటుకల మీద కూర్చున్నాడు. చాలాసేపు తాపీ అంచును బొటనవేలితో గీకుతూ ఉన్నాడు. కాంట్రాక్టరు ఒకసారి ఆయన్నీ ఒకసారి నన్నూ చూసి, ఏమీ అర్థం కాక, బీడీ వెతుక్కుంటూ మెట్ల వైపు వెళ్లాడు.

"ఐదేండ్లు," అన్నాడు సాంబయ్య మామ చివరికి. నాతో కాదు, తాపీతో అన్నట్టు. "మీ ఇంటి రేకు రేకు యాదికి జేసుకున్న. ఏ స్క్రూ కాడ తప్పిన్నా అని. తారుతోని ఆగిందంటే ఉరిసినట్టే గదా. అందరన్నది నిజమేనేమో, నాకే పని రాదేమో అనుకున్న."

క్షమించమని అడగాలనుకున్నాను. ఆ మాట నోట్లోకి వచ్చి చాలా చిన్నదిగా అనిపించి ఆగిపోయింది. ఆయన కూడా పర్వాలేదు అనలేదు. "ఎందుకు మూసినవ్?" అని మాత్రం అడిగాడు. చెప్పాను. పక్కింటామె సంగతి, నవ్వు సంగతి, అంతా. ఆయన విని తల అడ్డంగా ఊపాడు. "తీగల జాలీ గొట్టి దానికి ఏటవాలు చెక్కలు పెడితె గాలి ఆడుతది, బయటోల్లకు కనవడదు. ఒక్క పూట పని. చెప్పకపోతివి."

అంతే. ఒక్క పూట పని.

ఆయన లేచి సిమెంటు తట్ట పక్కకు జరిపాడు. కాంట్రాక్టరును కేకేసి పిలిచాడు. "ఓ పటేలా, సందులు మూసుడు లేదు. జాలీ తెప్పియ్యి. పావురాలు రావు, గాలి పోతది. మేడమ్‌కు నేను చెప్త." ఆ గొంతు నేను ఎప్పుడో నిచ్చెన కింద విన్న గొంతు.

బాపుకు మొన్న ఆదివారం చెప్పాను. వారం పట్టింది. మగ్గం మీద ఉన్నాడు. మొత్తం విన్నాక ఆయన చేతులు ఆగాయి, కాళ్లు మాత్రం కాసేపు అలాగే తొక్కుతూ ఉన్నాయి. తర్వాత తిట్టాడు. నా జన్మలో బాపు నన్ను అంతగా తిట్టలేదు. "ఆ మనిషి మొఖం మీద జరం వచ్చిందా అన్ననే! నలుగురిట్ల నవ్విచ్చిన్నే! నా నోటితోని అనిపిచ్చినవ్ గదనే!" అమ్మ అడ్డం రాబోతే చేత్తో ఆపాడు. నేను కూడా ఆపాను. తిట్లు అయిపోయాక చొక్కా తొడుక్కుని వీధి చివరి చాయ్ హోటల్‌కు వెళ్లాడు. ఐదేళ్ల కింద ఆ వెటకారం ఇంటి నుంచి మొదట పాకింది అక్కడికే. అందరూ వినేట్టు చెప్పాడట. "సాంబయ్య చెప్పింది నిజం. అది చెమటనే. కంతలు మేమే మూసినం."

మేమే, అన్నాడట. ఈ సంగతి అమ్మ చెప్పింది. బాపు నాతో ఇంకా మాట్లాడటం లేదు. మాట్లాడతాడు. నాకు తొందర లేదు.

కాజీపేట వెళ్లి సాంబయ్య మామను కలుస్తానని బాపు అమ్మతో అన్నాడు. ఆయన తలుపు తీస్తాడో లేదో తెలియదు. చెమట మేస్త్రి అన్న పేరు కూడా అంత తొందరగా పోదు. కానీ నిన్న పొద్దున మా వెనక వీధి నుంచి ఒకాయన వచ్చి వాకిట్లో నిలబడి అమ్మను అడిగాడు. "అక్కా, ఆ చెమట మేస్త్రి ఫోన్ నంబరున్నదా? మా రేకులకు గూడ పొద్దుగాల పొద్దుగాల చెమట పడుతాంది." నవ్వకుండా అడిగాడు.

ఇది అటక మీద కూర్చుని రాస్తున్నాను. పడమటి కంత తెరిచే ఉంది. పక్కింటామె తాడు మీద బట్టలు ఆరేస్తోంది, ఇటు చూస్తే చూడనీ. ఆ పాత డైరీ తెచ్చి ఒళ్లో పెట్టుకున్నాను. తేదీ మాత్రమే ఉన్న పేజీ అది. దాని మీద ఇప్పుడు రాయడానికి ఏమీ మిగల్లేదు, ఇక్కడ రాసేశాను. దీనితో నేను మంచిదాన్ని అయిపోలేదు. బరువు ఉందా అంటే ఉంది. కానీ ఆరుతోంది.

బాపు తిడుతున్నంతసేపూ నేను తల ఎత్తుకునే నిలబడగలిగాను. దానికి కారణం ఒక మాట. బడిలో చెప్పిన రోజు సాయంత్రం సాంబయ్య మామ గేటు దగ్గర సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాపుకు చెప్పేటప్పుడు మీరూ రండి మామా, మీ ముందే చెప్తాను అని బతిమాలాను. ఆయన సైకిల్ ఎక్కి, ఒక కాలు నేల మీదే ఉంచి, నా వైపు చూశాడు. ఇప్పటిదాకా ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే.

"నేను రాను బిడ్డా. నేనుంటె మీ బాపు నా మొఖం జూసి నిన్ను ఏమనడు. అననియ్యి."